ఎర్రన్న కంటికి దొరికిన చుక్క

ఎర్రన్నకి రేచీకటి అని పెళ్లాం మరిడమ్మకి తప్ప ఊళ్లో ఎవరికీ తెలీదు. పొద్దు కుంకితే చాలు, కళ్లముందు ఎవరో గోనెపట్టా దించినట్టుండేది. పాతికేళ్లుగా చుక్కల్ని చూసి తెప్ప నడిపినవాడు ఆ మాట పైకెలా చెప్పుకుంటాడు? తెప్పమీద తోడొచ్చే తమ్ముడు గంగుల్ని మాటల్లో పెట్టి, ఏ చుక్క ఎక్కడుందో వాడిచేతే చెప్పించుకుని రెండేళ్లు నెట్టుకొచ్చాడు.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, మాఘమాసం మొదట్లో, గంగులు జ్వరంతో మంచం పట్టాడు. ఇంట్లో గింజల్లేవు.

"నానొస్తాను మావా," అంది మరిడమ్మ.

"ఆడది తెప్పెక్కితే ఊరూరుకుంటాదేటే?"

"సీకట్లో నీకెలాగూ కనబడదు. ఆళ్లకీ కనబడదులే."

ఎర్రన్నకి నవ్వాగలేదు.

ఊరు లేవకముందే ఇద్దరూ అలలు దాటి వల దించారు. తిరిగి లాగేసరికి ఒడ్డువేపంతా మంచు కమ్మేసింది. ధ్రువనక్షత్రం కూడా అందులో మునిగిపోయింది. నీటివాటం తెప్పని లోపలికి లాగేస్తోంది. తెల్లారేదాకా ఆగితే ఎంతదూరం కొట్టుకుపోతారో! ఎర్రన్న తెడ్డు అందుకున్నాడు.

"ఏటి కనబడతన్నాదే?"

"దచ్చినంవేపు తేటగున్నాది మావా. నీటికి కొంచెం పైన పెద్దసుక్కొకటి మెరస్తన్నాది. దాని కుడిపక్కన ఇంకోటి, రవ్వంత సిన్నది."

ఆ చుక్కలు అతనెరిగినవే. పెళ్లైన కొత్తలో ఒడ్డున కూర్చుని తనే ఆమెకి చూపించాడు. చూపించిన సంగతి అతను మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

"పెద్దదాన్ని నీ ఎడం బుజం ఎనక ఉంచాల. నువ్వు తప్పితే నాను సెప్తాను. తెడ్డెయ్యి."

అతను తెడ్డేశాడు. "కుడికి... సాలు. ఇంక సూటిగా," అంటూ ఆమె చెబుతూనే ఉంది. ఆ గొంతులో ఎక్కడా వణుకు లేదు. చివరికి అలల చప్పుడు వినబడింది. తెలవారుతుంటే ఊరికి కోసెడు దూరాన ఒడ్డు తగిలింది. మరిడమ్మ ఎవరి కంటా పడకముందే అక్కడే దిగి, చేపల గంప నెత్తికెత్తుకుని అటునుంచటే సంతకి పోయింది.

"అంత మంచులో ఒక్కడివీ ఎలాగొచ్చేవురా!" అన్నాడు, ఊరి ఒడ్డున ఎదురొచ్చిన కులపెద్ద కూర్మయ్య. ఎర్రన్న తలొంచుకుని తెప్ప తాళ్లు విప్పసాగాడు. ఆ పూట అన్నం సయించలేదు.

ఈ కబురు బడిలో సైన్సు చెప్పే నరసింగరావు మేస్టారి చెవిన పడింది. బొబ్బిలివాడు. కటకాలు కొని, రేకుగొట్టంలో బిగించి, సొంతంగా దుర్భిణి చేసుకున్న మనిషి. నాలుగోనాడు కోడికూతవేళకి దాన్ని ఒడ్డుకి తెచ్చాడు. కూర్మయ్య, మరో నలుగురు పోగయ్యారు.

"ఏ చుక్క చూసి వచ్చావు ఎర్రన్నా?"

ఎర్రన్న చెయ్యి లేవలేదు. వెనకనుంచి మరిడమ్మే వేలుపెట్టి చూపించింది. మేస్టారు గొట్టాన్ని అటు తిప్పి, "ముందు నువ్వే చూడు," అన్నాడు.

వద్దనలేక కన్నానించాడు. ముందు అంతా నలుపే. అంతలోనే వెలుగు! ఆ గొట్టం వెలుగుని పోగుచేసి ఇచ్చిందో ఏమో, రెండేళ్ల తరవాత చుక్క కనబడింది. ఒకటి కాదు, రెండు. పసిమి రంగుది ఒకటి, దాని పక్కనే ఇంకాస్త ఎర్రగా ఇంకొకటి.

"నా కళ్లు పాడైపోనాయి బాబూ. ఒకటి రెండుగా అవుపిస్తన్నాది!"

"నీ కళ్లు సరిగ్గానే చూశాయి. అది నిజంగా జంటే. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి ఎనభై ఏళ్లు పడుతుంది. మూడోది కూడా ఉంది గాని, మరీ మసక, దీనికి అందదు. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి బాగా దగ్గరి చుక్కలివే. అయినా ఆ వెలుగు ఇక్కడికి రావడానికి నాలుగేళ్లు పైనే పట్టింది."

ఎర్రన్న చాలాసేపు కన్ను తియ్యలేదు. తీసి, కూర్మయ్యవేపు తిరిగాడు.

"మావా, నాకు రేచీకటి. రెండేళ్లైనాది. ఆ పొద్దు దారి సూసింది నాను కాదు, మా మరిడి."

కూర్మయ్య ఆమెని ఎగాదిగా చూశాడు.

"బయమెయ్యనేదేటే అమ్మీ?"

"ఎందుకెయ్యదు పెద్దయ్యా? తెడ్డేసీవోడికి తెలిస్తే సెయ్యాడదని సెప్పనేదు."

కూర్మయ్య తలపాగా సర్దుకుని, వంగి దుర్భిణికి కన్నానించాడు.

ఎర్రన్న కళ్లని శ్రీకాకుళం ఆస్పత్రిలో చూపిద్దామన్నాడు మేస్టారు. ఆ వారంలోనే గంగులు లేచాడు. అన్నదమ్ములిద్దరూ మరిడమ్మని ముందు కూర్చోబెట్టుకుని, పట్టపగలు ఊరంతా చూస్తుండగా తెప్ప దించారు. నీళ్లలోకి నెట్టడానికి మొదటి చెయ్యి వేసింది కూర్మయ్యే.