గుడ్డి స్ఫటికం

ఆమె మూత తీసింది. అల్యూమినియం డబ్బీలో స్ఫటికం నీళ్లలా తేటగా ఉండాలి. పాత కాగితంలా పచ్చబడిపోయి ఉంది.

"తేమ తాగేసింది," అంది పక్క బల్ల దగ్గరి పెద్దక్క. "ఉప్పు జాతి కదమ్మాయ్, చిన్న సందు దొరికితే చాలు దానికి. మూసిన మహాతల్లి ఎవరో!"

ఆమె డబ్బీని తిరగేసింది. ఆ వర్క్‌షాపులో ఇద్దరూ చేసే పని, ఇలాంటి స్ఫటికాలను డబ్బీల్లో మూసి రేడియేషన్ కొలిచే మీటర్లలో బిగించడం. గామా కిరణం తగిలినప్పుడల్లా స్ఫటికం లోపల కంటికి ఆనని చిన్న మెరుపు మెరుస్తుంది. వెనకాల అమర్చిన గొట్టం ఆ మెరుపులను లెక్కపెట్టి మీటర్ మీద అంకె చూపిస్తుంది. స్ఫటికం పచ్చబడితే మెరుపు అందులోనే ఇంకిపోతుంది. ఎదురుగా ఏమున్నా మీటర్ కిక్కురుమనదు.

డబ్బీ అడుగున సూదితో గీసిన గుర్తు తనదే. డబ్బీకి బిగించే గాజు పలక చుట్టూ జిగురు పూశాక ఒక రోజంతా ఆరనివ్వాలి. ఆ రోజు కూతురికి జ్వరమని బడి నుంచి ఫోన్ వచ్చింది. రెండు గంటలు గడవగానే, ఆరిపోయిందని రాసి, సంతకం పెట్టి పరుగెత్తింది.

ఆ డబ్బీ ఉన్న, తనిఖీకి వచ్చిన మీటర్ పిడికి నీలం టేపు చుట్టి ఉంది. అది చుట్టింది ఆమె భర్త. పాత ఇనుము యార్డులో, గేటు దగ్గర, లోపలికొచ్చే ప్రతి లారీలో రేడియేషన్ ఉందేమో ఆ మీటర్‌తో చూడటమే అతని ఉద్యోగం.

"మీ మిషన్ బంగారమే," అనేవాడు అన్నం తింటూ. "మీ అమ్మలా కాదు, అసలు నోరెత్తదు."

"నా చేతి పని మరి," అని నవ్వేది తను.

ఇప్పుడు ఆమె భయం లారీల గురించి కాదు. యార్డులో మెరిసే ముక్క ఏది కనబడినా అతను కూతురికి తెచ్చేవాడు. బాల్ బేరింగులు, పళ్ల చక్రాలు, రాగి చుట్టలు. దొరికిందల్లా దాచుకుంటుందని దానికి ఎలుకపిల్ల అని పేరు పెట్టాడు. చెత్త ఇంటికెందుకని ఒకసారి ఆమె కసిరితే నొచ్చుకున్నాడు.

"మీటర్ పెట్టి చూశాకే తెస్తానే. నా బిడ్డకి చూడకుండా ఇస్తానా?"

ఆమె లేచి షెల్ఫులోంచి మంచి మీటర్ తీసుకుంది.

"ఎక్కడికే దాంతో?"

"ఇంటికి."

పెద్దక్క నీలం టేపు వైపు చూసింది, పచ్చబడిన స్ఫటికం వైపు చూసింది. బల్ల మీద తన స్కూటర్ తాళం ముందుకు తోసింది.

వర్క్‌షాపు గుమ్మంలో మీటర్ నలభై చూపించింది. ఎక్కడైనా ఉండేదే అది, నేల నుంచీ గోడల నుంచీ వచ్చేది. ఇంటి మెట్ల దగ్గర నలభై ఒకటి. రెండో అంతస్తులో ముప్ఫై తొమ్మిది. ఆమెకు ఊపిరి తిరిగింది. తన వాకిలి ముందు అరవై.

భర్తకు ఆ రోజు సెలవు. తలుపు తీసి నవ్వాడు. "పట్టపగలే వచ్చావేంటే? ఉద్యోగం ఊడగొట్టారా?"

ఆమె అతన్ని తప్పించుకుని లోపలికి నడిచింది. హాల్లో రెండు వందలు. పడకగది గుమ్మంలో మూడు వేలు. మంచం మీద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న పిల్ల తలెత్తింది. "అమ్మా, ఏంటది? నాకూ చూపించవా?"

కిటికీలో పిల్ల దాచుకున్న ముక్కల డబ్బా వైపు తిప్పితే అంకె తగ్గింది. దిండు వైపు తిప్పగానే మీటర్ కీచుమని అరిచింది. కొలత మీటర్‌ను మించిపోయి, అంకెల చోట అడ్డగీతలు మిగిలాయి.

ఆమె పిల్లను రెక్క పట్టి ఈడ్చుకొచ్చి వాకిలి బయట నిలబెట్టింది. "కదిలావంటే కాళ్లు విరగ్గొడతాను." ఆ గొంతు తనదిలా లేదు.

"నేను చూశానే," భర్త పెదవులు తెల్లబడ్డాయి. "ప్రతి ముక్కా చూశాను. ఒకటీ రెండూ తప్ప చూపించలేదు."

"అది గుడ్డిదైపోయింది."

"ఎవరన్నారు?"

"నేనే మూశాను దాన్ని. ఆరకుండానే మూశాను."

అతను గదిలోకి దూకబోయాడు. ఆమె చొక్కా పట్టి లాగింది. "ముట్టుకోకండి! తలుపు వేసి బయటికి రండి."

ముగ్గురూ వీధిలోకి దిగాక అత్యవసర నంబరుకు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి నెమ్మదిగా అడిగింది. ఏ ఊరు, ఏ వీధి, ఎవరైనా తాకారా, ఆ వస్తువు ఇంట్లో ఎన్నాళ్లుగా ఉంది.

"ఎన్నాళ్లయిందండీ?" అని ఆమె భర్తను అడిగింది.

"మొన్నీమధ్యే... కాదు, వానలప్పుడు..." అతను వేళ్లు మడిచాడు, మళ్లీ విప్పాడు. "అసలు ఏది తెచ్చానో తెలిస్తే కదా!"

"దిండు కింద వెండి గొట్టమేగా?" అంది పిల్ల బిక్కమొహంతో. "నా పన్ను ఊడిన రోజు ఇచ్చావు నాన్నా. ఏడవకుండా ఉంటే ఇస్తానన్నావు. రోజూ పట్టుకునే పడుకుంటున్నాను, పారేయలేదు."

ఆమె పిల్ల గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "నోరు తెరువు."

ఖాళీ ఉంటుందనుకున్న చోట కొత్త పన్ను, రంపం అంచులాంటి అంచుతో, సగానికి పైగా వచ్చేసి ఉంది.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" ఫోన్లో గొంతు మళ్లీ అడిగింది. "ఎన్ని రోజులు?"

"రోజులు కాదండీ," అంది ఆమె. "నెలలు."