పేళ్ల వాము

పోస్టుకార్డు వచ్చేసరికి సులోచన చేతులు మోచేతుల దాకా కారంలో ఉన్నాయి. అత్త బాలనర్సమ్మతో కలిసి మామిడికాయ తొక్కు కలుపుతోంది. కార్డు పట్టుకునే వీల్లేక, పోస్టుమ్యాన్‌నే దాన్ని తన కళ్ల ముందు పట్టుకోమని బతిమాలి, నిలబడ్డచోటే చదివేసింది. చదివి, ఆ కారం చేతులతోనే రెండు గంతులు వేసింది. పెళ్లయి నెల తిరగని కోడలు పోస్టుమ్యాన్ ముందు గంతులు వేయడం వేములపల్లిలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

"ఏందే, మీ తమ్మునికి నౌకరి అచ్చిందా?" అంది బాలనర్సమ్మ.

"కాదత్తా. పేళ్లు ఇస్తరంట. ఊరికెనే."

"చెక్క పేళ్లకా గీ దునుకుడు? బంగారపు పేళ్లేమో అనుకున్న."

ఆ కార్డు రాసింది కోదాడ దేవసహాయం. ఆయనకు చెక్కల మిల్లు ఉంది. సుబాబుల్ కర్రలను యంత్రంలో వేసి చిన్న చిన్న పేళ్లుగా కోయించి కాగితం ఫ్యాక్టరీకి పంపుతాడు. మరీ పచ్చిగా ఉన్నాయని, వానకు తడిశాయని ఫ్యాక్టరీవాళ్లు రెండు లారీల సరుకు తిప్పి పంపారు. పెళ్లయిన వారానికి సైదులు తన లూనా మీద సులోచనను కోదాడకు సినిమాకు తీసుకెళ్లాడు. అప్పుడే ఆమె మిల్లు ముందు ఆ కుప్పను చూసి బండి ఆపించింది. సినిమాలో సగం పోయినా ఫరవాలేదని లోపలికి పోయి, ఆ పేళ్లు తమకిమ్మని అడిగి, ఊరి పేరు రాసిచ్చి వచ్చింది. సూర్యాపేట కాలేజీలో బీఎస్సీ చదివిన పిల్ల. చెట్ల మొదళ్ల చుట్టూ ఇట్లాంటివి పరిస్తే నేలలో తడి ఆరదని బోటనీ పాఠంలో ఉందని భర్తకు చెప్పింది. ఊరవతల, కాలువ నీళ్లు ఎక్కని చెలకలో సైదులు పెట్టిన మూడు వందల బత్తాయి మొక్కలు మోటారు బావి అడుగంటడంతో అప్పటికి రెండు ఎండాకాలాలుగా బిందెల నీళ్ల మీదే బతుకుతున్నాయి.

సాయంత్రం కార్డు చూసి సైదులు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"అందరి పెండ్లాలు చీరెలడుగుతరు. నువ్వు పొట్టు అడిగినవ్."

"చీరె పరిస్తె బత్తాయి కాస్తదా?"

తొంభైమూడు జూన్ మొదటివారంలో రెండు లారీలూ చెలకకు వచ్చాయి. అప్పటికే ఆకాశం మూసుకొస్తోంది. ఇంట్లో అందరూ వరినారు పనిలో ఉన్నారు. నాట్లు అయ్యాక తీరిగ్గా చెట్లకు పరుచుకోవచ్చని, అందాకా పేళ్లు తడవకుండా వాము వేద్దామని మామ గౌరయ్య తేల్చాడు. వాము వేయడంలో ఆయన పేరు మూడూళ్లకు తెలుసు. త్రిపురారం నుంచి కూడా మనిషిని పంపి పిలిపించుకుంటారు. ఆయన వేసిన గడ్డివాములోకి రెండు వానాకాలాలు పోయినా చుక్క దిగదు. అదే పద్ధతిలో పేళ్లనూ పేర్పించాడు. నలుగురిని పైకి ఎక్కించి గట్టిగా తొక్కించాడు. రెండు నిలువుల ఎత్తు లేపి, పైన గుండ్రంగా గోపురం తిప్పి, టార్పాలిన్ కప్పించి, దాని మీద గడ్డి పరిపించాడు. కావలివాడు గేమ్యా ఉండే మోటారు కొట్టానికి ఆనుకుని అది ఏనుగులా నిలబడింది. దాని చుట్టూ సులోచన మూడుసార్లు తిరిగింది. తన మాట ఇంత లావుగా, ఇంత ఎత్తుగా కళ్లముందు నిలబడటం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఆ తర్వాత రోజూ చెలకకు సద్ది తీసుకెళ్లే పని ఆమే అడిగి తీసుకుంది. గట్టు మీద నడవడం బాగుండేది. సద్ది గిన్నె మూత తీయగానే సైదులు మొదటి ముద్ద ఆమెకు పెట్టి, ఎవరైనా చూశారేమోనని నాలుగు దిక్కులు చూడటం ఇంకా బాగుండేది.

రెండు వారాలు దాటాక ఒక పొద్దున వాము పైన తెల్లగా ఏదో లేస్తూ కనిపించింది. ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు పొగలాంటి ఆవిరి. మంచు అనుకుంది. జూన్‌లో మంచేమిటి? అందులోనూ పక్క చెలకలో లేదు, కాలువ మీద లేదు, ఈ వాము మీదే ఉంది. దగ్గరికి పోయి టార్పాలిన్ కిందికి చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. బెల్లం పాకం పులిసినట్టు ఒక వాసన.

"గేమ్యా, ఇదేంది వేడిగున్నది?"

"రెండు దినాల సంది గట్లనే ఉన్నది చిన్నమ్మా," అన్నాడు గేమ్యా. "మంచిగున్నది. దూడలు దీనికే ఆనుకొని పంటున్నయి. వానల చలికి నాకు సుత దుప్పటి అక్కర పడ్తలేదు."

సులోచనకు ఏం అనుకోవాలో తోచలేదు. పేళ్లు పిండితే నీళ్లు కారేంత తడిగా ఉన్నాయి. తడిసినవి చల్లగా ఉండాలి గదా. చలికాలం కోసం దేవుడే ఒక పొయ్యి పెట్టిచ్చాడని నవ్వుకుందామంటే, ఆ నవ్వు ఎందుకో పూర్తిగా రాలేదు. ఇంటికెళ్లి పెట్టెలోంచి బోటనీ నోట్సు తీసి వెతికింది. నేల తేమ గురించి ఒకటిన్నర పేజీ ఉంది. వేడి గురించి ఒక్క మాట లేదు. పాఠం సగమే చెప్పి మేడం మిగతాది మరిచిపోయిందా, లేక ఆ రోజు తనే క్లాసుకు పోలేదా అని చాలాసేపు ఆలోచించింది.

మూడోనాడు గౌరయ్య చెలకకు వచ్చేసరికి వాము పక్కన టార్పాలిన్ ఒకచోట ముడుచుకుని, దాని సందులోంచి సన్నగా, నీలంగా పొగ వస్తోంది. ఇది ఆవిరి కాదు. కళ్లు మండుతున్నాయి.

"గేమ్యా," అన్నాడు గౌరయ్య. గొంతు పెంచలేదు. "చుట్ట ఏడ పారేసినవ్?"

"చుట్ట ఎక్కడిది పటేలా. మిర్యాలగూడ దవాఖానల డాక్టరు వద్దన్న కాన్నుంచి ముట్టలే. ఏడాదైతున్నది."

"మరి నిప్పు ఆకాశంల నుంచి పడ్డదా? గీడ నువ్వు తప్ప ఇంకో మనిషి ఉన్నడా?"

"నేనే ఉన్న. గని నేను చెయ్యలే."

"పొద్దుగూకే లోపల నీ సామాను సదురుకో. నీ దూడలను తోలుకపో. మొక్కలు కాలినంక మాట్లాడుడు నాకు రాదు."

గేమ్యా బతిమాలలేదు. కొట్టంలోకి పోయి ఒక సత్తు గిన్నె, ఒక గోనెసంచి తెచ్చి బయట పెట్టాడు. మళ్లీ లోపలికి పోయి ఏం తేవాలో తెలియనట్టు ఉత్త చేతులతో వచ్చాడు. తండాలో అతని గుడిసె పోయినేడు గాలివానకు కూలింది. ఈ కొట్టం తప్ప అతనికి తల దాచుకునే చోటు లేదని సద్ది గిన్నెతో నిలబడ్డ సులోచనకు తెలుసు. ఈ కుప్ప తన మాట మీద వచ్చిందనీ తెలుసు. గేమ్యా అబద్ధం ఆడుతున్నాడా? ఆడితే ఇంత నెమ్మదిగా ఉంటాడా? ఆడకపోతే నిప్పెక్కడిది?

ఆమె వాము చుట్టూ తిరిగింది. ఈసారి సంబరంతో కాదు. పైన కప్పిన గడ్డి ఎక్కడా కాలలేదు. పసుపుపచ్చగా, మెరుస్తూ అలాగే ఉంది.

"మామా," అంది. "చుట్ట పడితె ముందుగాల గడ్డి అంటుకోవాలె గద. గడ్డి మంచిగనే ఉన్నది. టార్పాలిన్ సుత లోపలి దిక్కే కమిలింది."

గౌరయ్య గడ్డి వంక చూశాడు. సైదులు గడ్డపార తెచ్చి వాములోకి గట్టిగా దించాడు. కాసేపు ఆగి లాగి, దాని కొనను పట్టుకోబోయి వదిలేశాడు. చేతిని లుంగీకి తుడుచుకుంటూ, "లోపల కాలుతున్నది," అన్నాడు. "బయట కాదు నాయినా, లోపల."

"లోపలికి ఎవడు పోయిండు?" అన్నాడు గౌరయ్య. అది కోపంతో అన్నది కాదు. నిజంగానే అడిగాడు. కార్డు మీద మిల్లు ఫోను నంబరు ఉందని సులోచనకు గుర్తొచ్చింది.

సైదులూ సులోచనా లూనా ఎక్కి మిర్యాలగూడకు పోయి, బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి కోదాడకు ఫోను చేశారు. దేవసహాయం గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"ఎంత ఎత్తేశారమ్మా?"

"రెండు నిలువులు."

"తొక్కించారా?"

"మంచిగ తొక్కించినం. మా మామ వాము వేస్తె వాన చుక్క దిగదు."

ఫోనులో చప్పరింపు వినబడింది.

"ఆ పేళ్లు పచ్చివి గదమ్మా. పచ్చి చెక్క కుప్పబడితే మాగుద్ది, మాగితే వేడి పుడుద్ది. తొక్కి మూత పెడితే ఆ వేడి బయటికెట్ట పోద్ది? లోపల పెరిగి పెరిగి దానంతటదే రాజుకుంటది. మాకూ అయింది నాలుగేళ్ల కింద. అగ్గిపుల్ల గీసినోడే లేడు. అప్పట్నుంచి ఛాతీ ఎత్తు దాటనియ్యట్లేదు."

"మరి మాకు ఎందుకు చెప్పలేదండి?"

"చెట్లకు పరుస్తామంటిరి. పరిస్తే ఏమీ కాదు. వాము వేస్తారని నాకేం కల వచ్చిందా? ఇదిగో వినండి. తొందరపడి ఒక్కసారే విప్పొద్దు. గాలి తగిలితే భగ్గుమంటది. నీళ్లు దగ్గర పెట్టుకుని, అంచు నుంచి కొంచెం కొంచెం లాగి, తడిపి, పలచగా పరవండి. పైకి మాత్రం ఎవరూ ఎక్కొద్దు. లోపల గుల్లయి ఉంటది, కాలు దిగబడుద్ది."

తిరిగి వచ్చేటప్పుడు సులోచన వెనక సీటును గట్టిగా పట్టుకుని కూర్చుంది. రోజూ ఆ బండి మీద గాలి తగిలితే చాలు ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ గాలి కూడా అనుమానంగా ఉంది. కట్టె తనంతట తానే కాలుతుందంటే, ఇంట్లో పేర్చిన పొయ్యికట్టెలు ఎందుకు కాలవు? పెంటకుప్ప వెచ్చగా ఉంటుంది, అదెందుకు మండదు? అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. మూడూళ్లలో పేరున్న మామకు, పెళ్లయి రెండు నెలలు నిండని కోడలు, నీ వామే తప్పని ఎట్లా చెప్పాలి? చెప్పకపోతే పొద్దుగూకేసరికి గేమ్యా గోనెసంచి నెత్తిన పెట్టుకుంటాడు.

"నువ్వు చెప్పు," అంది భర్తతో.

"నేను చెప్తె కొడుతడు. నువ్వు చెప్తె ఇంటడు."

"ఇనకపోతె?"

"ఇద్దరం కలిసి గేమ్యా ఎంబడి పోదాం."

చెలక చేరేసరికి ఎండ వాలింది. గౌరయ్య గట్టు మీద కూర్చుని పొగనే చూస్తున్నాడు. గేమ్యా కొట్టం ముందు దూడల పలుపులు విప్పుతున్నాడు. సులోచన కొంగు సర్దుకుని మామకు నాలుగు అడుగుల దూరంలో నిలబడింది.

"తప్పు నాది మామా," అంది. "పేళ్లు తెమ్మన్నది నేనే. సగం చదువుకొని తెమ్మన్న." ఆపైన దేవసహాయం చెప్పిందంతా చెప్పింది. తొక్కడం సంగతి కూడా ఆపకుండా చెప్పేసింది.

"గడ్డివాముకు కాదు గద," అన్నాడు గౌరయ్య.

"గడ్డి ఎండినంకనే వేస్తం మామా. ఇయ్యి పచ్చియి. గింతకంటె నాకు సుత తెల్వది. ఎందుకైతదో నాకు ఇంకా సమజ్ కాలే."

గౌరయ్య కింద పడ్డ పేడు ఒకటి ఏరి చేతిలో తిప్పాడు.

"ఒక్కపారి తడిగడ్డి వేసిన," అన్నాడు చివరికి. "పెండ్లి కాకముందు. నడుమ బొగ్గు లెక్క నల్లగైంది. బీడి తాగిండని జీతగాడు బీరప్పను తిట్టి ఎల్లగొట్టిన. మల్ల మా చేనుకు రాలే వాడు. చచ్చిపొయ్యి పదేండ్లాయె."

ఆయన లేచి పోయి గేమ్యా గోనెసంచిని తనే ఎత్తాడు. కొట్టంలోకి తీసుకుపోబోయి, పొగ చూసి ఆగి, దూరంగా వేపచెట్టు కింద పెట్టించాడు. దూడలను అక్కడే కట్టెయ్యమన్నాడు.

"ఈ పూట నువ్వు మా ఇంట్ల పండుకో గేమ్యా. కరెంటు తెల్లారి ఆరింటికి గని రాదు, అందాక మోటరు నడవది, దీన్ని ముట్టుకునేది లేదు." తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు: "సైదులు, నువ్వు పొద్దుగాల్నే బండి కట్టి కాలువ నుంచి నాలుగు డ్రమ్ముల నీళ్లు తే. కరెంటు రాంగనే పైపు గీడికి గుంజుదాం. గేమ్యా, తండాల పదిమందికి చెప్పు, పారలు, గంపలు తెచ్చుకోమను, పైకి మాత్రం ఎవ్వరు ఎక్కొద్దు. రేపు నాట్లు బంద్. అంచు కాన్నుంచి గుంజుకుంట, తడుపుకుంట, చెట్టుకు గంపెడు పరుసుకుంట పోదాం." కోడలి వైపు తిరిగాడు. "చెట్టు మొదలుకు ఎంత దూరం పొయ్యాలె, ఎంత మందం పొయ్యాలె, నువ్వు నిలబడి చెప్పాలె బిడ్డా. రేపు వాము నీది."