తుపాకీకి బొట్టు

తుపాకీ మా ఇంటికి వచ్చిన రోజున మా అత్తగారు అరుంధతమ్మగారు అన్నది ఒకే ఒక్క మాట. "నీ కోపం చాలదా అమ్మాయ్, దానికి తోడు ఇదొకటా?"

నాకు కోపం ఉన్న మాట నిజమే. దాచుకునే విద్య ఈ యాభై రెండేళ్ళలో పట్టుబడలేదు. యూనివర్సిటీలో బోటనీ పాఠాలు చెప్తాను. రికార్డు పుస్తకంలో ఆకు బొమ్మ గీయమంటే ఫోన్‌లో తీసిన ఫొటో అతికించి తెచ్చిన వాళ్ళ రికార్డులు కారిడార్ చివరిదాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. "సుధామయి మేడం మూడ్ ఎట్లుంది?" అని ల్యాబ్ అటెండర్‌ని అడిగి గానీ పిల్లలు నా గదిలోకి రారు. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో నేనెక్కితే జనం మాట్లాడటం తగ్గిస్తారు. అయినా తుపాకీ నేను ఎవరి కోసమూ కొనలేదు, నా కోసమే కొనుక్కున్నాను.

డిగ్రీలో ఎన్‌సీసీలో ఉండగా మాకు ఒక పాత రైఫిలు ఇచ్చేవారు. బ్రిటిషువాళ్ళ కాలం నాటి నమూనా. పొడుగాటి చెక్క, బరువైన ఇనుము, ప్రతి గుండుకీ చేత్తో వెనక్కి లాగి ముందుకి తోయాల్సిన బోల్టు. మోసుకుంటూ నడిస్తే భుజం ఒరుసుకుపోయేది. మొదటిసారి పడుకుని కాల్చినప్పుడు నా ఐదు గుళ్ళూ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి. ఆ ఐదు నిమిషాలు నా బుర్రలో ఒక్క ఆలోచన కూడా లేదు. అంత హాయి మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. తర్వాత పెళ్ళి, పీహెచ్‌డీ, ఉద్యోగం, పిల్ల, కరోనా, ఇంకా ఏవేవో వచ్చిపడ్డాయి.

మూడేళ్ళ క్రితం మా క్యాంపస్ రైఫిల్ క్లబ్బులో అదే రైఫిలుని కొత్తగా చేసింది చూశాను. బోల్టు అదే, లాగితే వచ్చే ఆ "చక్" శబ్దం కూడా అదే. చెక్క స్థానంలో తేలికైన అల్యూమినియం చట్రం వచ్చింది. చెంప ఆనించే పలకని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. వెనకవైపు సూదిబెజ్జం కంటే కాస్త పెద్ద రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్ళ ఒకటుంది, గురి చూసేది అందులోంచే. బిళ్ళ పక్కన రెండు నాబ్‌లు, తిప్పితే టిక్కుమంటాయి. ఒక్క టిక్కుకి గురి వెంట్రుకవాసి జరుగుతుంది. పాతదానికి మనవరాలు పుట్టినట్టుంది. చూడగానే మనసు పారేసుకున్నాను.

లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టాక విచారణకి కానిస్టేబుల్ వచ్చాడు. నా ప్రవర్తన ఎలాంటిదని అపార్ట్‌మెంట్‌లో గడప గడపకీ తిరిగి అడిగాడు. కింద ఫ్లాటాయన చాలాసేపు ఆలోచించి, చాలా మంచావిడ అన్నాడట. ఆలోచించింది ఎందుకో నాకు తెలుసు. లైసెన్సు వచ్చిన మర్నాటి నుంచి నా పార్కింగ్ స్థలంలో ఆయన కారు పెట్టడం మానేశాడు. మా ఆయన శశిభూషణ్ మాత్రం అప్పటి నుంచీ కాఫీలో పంచదార తక్కువైనా బాగుందంటున్నారు.

అత్తగారు ఆ వైపు చూసేవారే కాదు. ఉక్కు బీరువా ఉన్న గదిలోకి వెళ్ళాల్సివస్తే గోడవారగా వెళ్ళేవారు. లైసెన్సు పొడిగించడానికి క్లబ్బు సిఫార్సు ఉత్తరం కావాలని, దసరా మర్నాటి ఆదివారం జరిగే పోటీలో నాలుగు వందలకి మూడు వందల యాభై వస్తేనే ఆ ఉత్తరం ఇస్తారని, రాకపోతే తుపాకీ అప్పగించేయాలని నేను భోజనాల దగ్గర చెప్పినప్పుడు ఆవిడ తల ఎత్తలేదు. మజ్జిగ పోసుకున్నారు. అప్పటిదాకా నాకు వచ్చినవాటిలో ఎక్కువ మూడు వందల యాభై నాలుగు, అదీ ఒక్కసారే. నాకు నిద్ర పట్టడం మానేసింది.

అలాంటి మనిషి మహర్నవమి పొద్దున నా దగ్గరికి వచ్చి, "ఆ తుపాకీ కూడా తీసి పెట్టు. ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేసి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే బాగుండదు" అన్నారు.

నా చెవుల్ని నేను నమ్మలేదు. బోల్టూ గుళ్ళూ బీరువాలోనే ఉంచి తాళం వేసి, ఒట్టి రైఫిలు మాత్రం దేవుడి గదిలో పెట్టాను. బోల్టు లేని తుపాకీ దుడ్డుకర్రతో సమానం. కుట్టుమిషను, కత్తిపీట, మా ఆయన కారు తాళాలు, నా మైక్రోస్కోపు, వాటి పక్కన అది. చూస్తే కళ్ళు చెమర్చాయి. ఆవిడ పూజ చేసుకుంటూంటే నేను గారెల పని మీద వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నవమినాడు పూజలో పెట్టిన పనిముట్టుని దశమి పూజ అయ్యేదాకా ముట్టుకోకూడదని మా ఇంట్లో పట్టింపు. దేవుడి గదికి తాళం వేసి తాళంచెవి నా బొడ్లో దోపుకున్నాను. దశమినాడు ఇంటినిండా చుట్టాలు. సాయంత్రం జమ్మి ఆకులు పంచి అందరినీ సాగనంపేసరికి నడుం విరిగింది. రైఫిలుకి ఆవిడ కొత్త జాకెట్టు గుడ్డ చుట్టి ఉంచారు. ఆ గుడ్డతోనే పెట్టెలో పెట్టేశాను. విప్పి చూడాలని తోచలేదు, ఆవిడ అంత ముచ్చటగా చుట్టారు మరి.

ఆదివారం పొద్దున బీరువాలోంచి బోల్టూ గుళ్ళూ తీసుకుని బయల్దేరుతూంటే అత్తగారు చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా ఆయన మిగిలిన చుట్టాలని స్టేషన్‌లో దింపడానికి వెళ్ళారు. ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేయను, నీతో వస్తానన్నారు ఆవిడ. మూడేళ్ళలో నేను కాల్చే రేంజి ఎక్కడుందని కూడా అడగని మనిషి. సంతోషంగా కారెక్కించుకున్నాను.

రేంజిని చూసుకునేది పరుశురాం. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాడు, ఇల్లు పక్కనే మాణికేశ్వర్ నగర్‌లో. అత్తగారికి నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "గీడ కూసోండ్రి అమ్మా, చెవులల్ల ఈ దూది పెట్టుకోండ్రి" అన్నాడు. నేను చాప పరుచుకుని జాకెట్టు గుడ్డ విప్పాను.

రైఫిలు నిండా పసుపు. గొట్టం మీద మూడు గంధం రేఖలు, పలకకి కుంకుమ. వెనకనున్న గుండ్రటి బిళ్ళకి తడి పసుపు మెత్తి, సరిగ్గా రంధ్రం ఉన్నచోట కుంకుమబొట్టు పెట్టి ఉంది. రెండు రోజుల్లో ఎండి గట్టిపడింది. కన్నానించి చూస్తే లోపల అంతా చీకటి.

పరుశురాం వంగి చూశాడు. ముందు గొట్టంలోకి శుభ్రం చేసే కడ్డీ దూర్చి, అడ్డమేమీ లేదని తేల్చాడు. తర్వాత నాబ్‌ల మీద గీతలు చూశాడు.

"మేడం, గీ నాబ్‌లు ఎవరో తిప్పిన్రు. మీ సెట్టింగ్ మొత్తం పోయింది."

మీద పడిన పసుపు తుడిచేటప్పుడు ఆవిడ చేతి గుడ్డకి చిక్కుకుని తిరిగి ఉంటాయి. నెలల తరబడి టిక్కు టిక్కుగా కుదుర్చుకున్న గురి. పోటీకి ముందు సరిచూసుకోవడానికి ఇచ్చేది పదిహేను నిమిషాలు, గడియారం అప్పటికే మొదలైంది. ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. గిర్రున తిరిగాను. ముప్పై ఏళ్ళుగా ఆవిడకి కోడలిని, నోట్లో ఏం మాటలు తయారయ్యాయో ఇక్కడ రాయలేను.

ఆవిడ అప్పటికే లేచి నా వెనక నిలబడ్డారు. గాజులకి ఉన్న పిన్నీసు తీసి విప్పుతున్నారు.

"నేను చేసిందే కదా, ఇలా ఇయ్యి" అన్నారు.

చాప మీద చతికిలబడి, నేను ఊడదీసి ఇచ్చిన బిళ్ళ ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసు మొనతో పసుపు రవ్వరవ్వగా తీయడం మొదలుపెట్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళ వేళ్ళు వణకలేదు. తొందరపడనూ లేదు. పళ్ళు బిగించి గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకి ఊది, వెలుగుకి పెట్టి చూసి నా చేతికిచ్చారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

మిగిలిన ఐదు నిమిషాల్లో బిళ్ళ బిగించి పరీక్షకి కాల్చిన మొదటి గుండు గురి కాగితం మీది నల్ల వలయం బయట ఎడమ మూలకి పోయింది. నాబ్ తిప్పుతూ కాలుస్తూ మధ్యకి తెచ్చుకుంటూండగానే టైమైపోయింది.

మొత్తం నలభై గుళ్ళు, పదేసి చొప్పున నాలుగు విడతలు. సరిగ్గా మధ్యలో తగిలిన గుండుకి పది మార్కులు. మొదటి పదికి డెబ్భై ఎనిమిది వచ్చాయి. సగం తప్పు గురిది, సగం నాది. కాగితాలు మార్చే విరామంలో పరుశురాం దగ్గరికి వచ్చాడు.

"నేను చెప్పొద్దు గానీ, మీరు ఊపిరి వట్టుకుంటలేరు మేడం. పండ్లు కొరుకుతున్నరు. గాడికెళ్ళి నాకు ఇనవడుతుంది."

నవ్వొచ్చింది. నవ్వాక భుజాలు కాస్త దిగాయి. రెండు టిక్కులు కుడికి, ఒకటి పైకి. రెండో పదికి ఎనభై ఏడు. అప్పుడు మొదలైంది, డిగ్రీలో ఒకసారి దొరికి, మళ్ళీ కనిపించకుండా పోయిన ఆ హాయి. చెంప పలక మీద చల్లగా ఉంది. బోల్టు లాగితే చక్, తోస్తే చక్. రంధ్రంలోంచి చూస్తే దూరంగా ఒక నల్ల చుక్క, దాని చుట్టూ సన్నటి తెల్లటి వెలుగు. లైసెన్సు లేదు, పసుపు లేదు, అత్తగారు లేరు. మూడో పదికి తొంభై రెండు.

ఆఖరి పదికి తొంభై మూడు కావాలి. అంత నాకెప్పుడూ రాలేదు. తొమ్మిది గుళ్ళకి ఎనభై నాలుగొచ్చాయి. ఒక్క గుండు మిగిలింది, తొమ్మిదైనా రావాలి. బిళ్ళలోంచి చూస్తే చుక్క కదులుతోంది. దించేశాను. ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తాను. మళ్ళీ కదిలింది, మళ్ళీ దించేశాను. మూడోసారి ఎత్తినప్పుడు చుక్క నిలబడింది. ఎప్పుడు నొక్కానో తెలియదు.

పరుశురాం టెలిస్కోపులోంచి చూశాడు. తర్వాత మెల్లగా, "పది" అన్నాడు. మూడు వందల యాభై ఒకటి.

క్లబ్బు సెక్రటరీ శివకుమార్ ఉత్తరం మీద అక్కడే సంతకం పెట్టిచ్చాడు. నేను ఆ కాగితం పట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెవుల్లోంచి దూది తీసి, జాగ్రత్తగా ఉండ చేసి, పక్కన కుర్చీ చూపించారు.

"నీకో మాట చెప్పాలి సుధా. కోప్పడకు."

కూర్చున్నాను.

"నవమినాడు నేను దానికి పూజ చేసింది ముచ్చటపడి కాదు. ఈ పీడ ఎవరికీ ఏ హానీ లేకుండా ఇంట్లోంచి వెళ్ళిపోతే కొబ్బరికాయ కొడతానని అమ్మవారికి మొక్కుకున్నాను. ఇవాళ వచ్చింది కూడా, పోతుందో లేదో చూద్దామనే."

దేవుడి గది గుమ్మంలో నా కళ్ళు చెమర్చిన సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మరి పిన్నీసుతో ఆ పసుపు ఎందుకు తీశారని అడిగాను. ఆ రంధ్రం అలాగే ఉంటే మీ మొక్కు తీరిపోయేది కదా అన్నాను.

"మొక్కు వేరు, నేను చేసిన తప్పు వేరు. తప్పు దిద్దుకోవద్దూ?" అన్నారు.

ఆవిడ చాప వైపు చూపించారు.

"ఇందాక నువ్వు అక్కడ బోర్లా పడుకుని, చెంప ఆనించుకుని ఉన్నావు. మూడోసారో ఏమో, కాగితాలు మార్చాక. నీ మొహంలో కోపం లేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నిద్రలో కూడా కనుబొమలు ముడిచే ఉంటావు. నీకు అలాంటి మొహం ఒకటుందని నాకు తెలియనే తెలియదు. ఈ తుపాకీ పోతే ఆ మొహం కూడా పోతుందేమోనని భయమేసింది. అక్కడే కళ్ళు మూసుకుని మొక్కు వెనక్కి తీసుకున్నాను."

నా కోపం గురించి మా అమ్మ చెప్పింది, మా ఆయన చెప్పారు, ఇద్దరు డిపార్ట్‌మెంట్ హెడ్‌లు రాతపూర్వకంగా చెప్పారు. అది లేని మొహం కూడా నాకుందని ఇన్నేళ్ళలో చెప్పిన మనిషి ఈవిడ ఒక్కరే. కాగితం ఒళ్ళో పెట్టుకుని, పరుశురాం చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా బావురుమన్నాను. ఆవిడ కాసేపు ఏడవనిచ్చి, కొంగుతో నా చెంప మీద అంటుకున్న పసుపు తుడిచి, వచ్చే ఆదివారం కూడా ఉంటుందా ఇది అని అడిగారు.