సద్ది డబ్బ పాట

మా అమ్మ సంతోషమ్మ శోకం పెడితే పెద్దేముల్‌లో మొగవాళ్లు కూడా తువ్వాలలు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఎవరింట్లో చావు జరిగినా ముందు పాస్టరయ్యకు కబురు, ఆ వెంటనే మా అమ్మకు కబురు. ఆమె వెళ్లి శవం కాళ్ల దగ్గర కూర్చుని, పోయిన మనిషి ఏం తినేవాడో, ఎవరితో పోట్లాడేవాడో, ఎడ్లను ఏమని పిలిచేవాడో ఒక్కొక్కటే పాడుతూ ఏడ్చేది. అది రాసుకున్నది కాదు, ఒకరి దగ్గర నేర్చుకున్నదీ కాదు. ఏ మనిషి శోకం ఆ మనిషిదే, ఇంకొకరికి పనికిరాదు. చివర్లో గొంతు దించి "ఇగ పైలంగ పో" అని, జాగ్రత్తగా పొమ్మని సాగనంపేది. ఆ మాట పడ్డాకే మిగతా ఆడవాళ్లు లేచి కొంగులు దులుపుకునేవాళ్లు. ఆ మాట పడకపోతే పోయిన మనిషి గడపలోనే నిలబడి ఉంటాడని మా వైపు నమ్మకం. "ప్రభువు దగ్గరికి పోయినోళ్లకు ఏడుపెందుకమ్మా" అని పాస్టరయ్య ఎన్నిసార్లు అన్నా వినేది కాదు. "ప్రార్థన మీరు జెయ్యుండ్రి అయ్యగారు, ఏడుపు నాకిడ్సిపెట్టుండ్రి" అనేది.

మా నాయన నర్సప్ప ఆమెకు తగ్గవాడే. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ దగ్గర ఇరవై రెండేళ్లు పని చేసి రొమ్ము నిండా దుమ్ము నింపుకున్నాడు. దగ్గు ఆగిన ప్రతిసారీ అమ్మను ఆటపట్టించేవాడు.

"ఓ సంతోషమ్మ, నాకు జర పెద్ద పాట వెట్టాలె. పొద్దుగాల మొదలువెడితె మాపటికి గూడ ఒడవొద్దు."

"నీ మీద ఏం పాట వస్తదయ్యా. బీడీలు దాగుడు తప్ప ఏం జేసినవు?"

"గదే వెట్టు. బీడీల పాట."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. కానీ ఆయన నిజంగానే ఆశ పెట్టుకున్నాడు. బతికినన్నాళ్లు ఎవరూ ఆయన్ను పట్టించుకోలేదు, పోయిన్నాడైనా ఊరంతా కూర్చుని తన గురించి వినాలని ఆయన కోరిక. అది నాకు తెలుసు.

అన్న యాకోబు నాయన కంటే ముందే పోయాడు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. గనిలో సద్ది తినడానికి కూర్చున్నప్పుడు పైనుంచి బండ జారింది. మనిషి తాండూరు ఆసుపత్రి నుంచి సాయంత్రానికి వచ్చాడు. సద్ది డబ్బ మాత్రం అంతకు ముందే వచ్చింది, ఎవరో బండి మీద తెచ్చి అరుగు మీద పెట్టి పోయారు. మూత తీస్తే సగం అన్నం, గోంగూర తొక్కు అలాగే ఉన్నాయి. సాయంత్రం అన్న శవం ముందు అమ్మ ఆ డబ్బను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

సద్ది డబ్బ ఇంటికొచ్చె కొడుకా
సగం బువ్వ దాంట్లున్నది కొడుకా
ఎవ్వనికి వెట్టాలె కొడుకా
నీ ఎంగిలి బువ్వ

మా చిన్నమ్మ మొగులమ్మ పుణెలో కూలిపనిలో ఉండి అందుకోలేకపోయింది. ఆమెకు పంపాలని నేను ఫోన్‌లో రికార్డు చేశాను. మూడు నిమిషాల నలభై సెకన్లు. తర్వాత ఛార్జింగ్ అయిపోయింది. "పైలంగ పో" అన్న మాట అందులో పడలేదు.

ఇక నా ఘనకార్యం చెబుతాను. నేను వికారాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. అన్న పోయిన మరుసటేడు, అనంతగిరి వెళ్లే రోడ్డులో ఒక కాఫీ షాపు వెనక ఖాళీ జాగాలో శనివారం సాయంత్రాలు పాటలు మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చేవాళ్లు, డిగ్రీ పిల్లలు, ఫ్లూటు వాయించే ఒక బీమా ఏజెంటు, గజల్స్ పాడే దశరథ్ అనే బస్సు కండక్టరు. పక్కన గోడ మీద ఎవరో ఒకరు బొమ్మ వేస్తూ ఉండేవాళ్లు. అబద్ధం ఎందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. వారమంతా జ్వరం మొహాలు చూసి చూసి, శనివారం ఆరింటికి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే తబలా మొదటి దెబ్బకే ఒళ్లు తేలికయ్యేది. ఆర్నెల్లు ఒక్క వారం తప్పలేదు. నేను రాకపోతే "జ్యోతి ఏదీ" అని అడిగే మనుషులు అక్కడ తయారయ్యారు. అలా అడిగేవాళ్లు నాకు ఇంకెక్కడా లేరు.

వాళ్లందరికీ పెద్ద రిత్విక్. కోట్‌పల్లి నర్సింహులు పటేల్ మనవడు, హైదరాబాద్‌లో పెరిగినవాడు. వాళ్ల కంది చేన్లలో మా అమ్మ పదేళ్లు కలుపు తీసింది. ఆ సంగతి అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. గిటారు వాయిస్తాడు, 'ఎర్రమట్టి' అని బ్యాండు పెట్టాడు. మంచివాడే. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని.

ఒక శనివారం అందరూ ఉండగా అన్నాడు, "జ్యోతీ, మీ ఊరిదేమన్నా ఒరిజినల్ పాట ఉంటే ఇవ్వరాదూ. ఎప్పుడూ వినడమేనా?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నలుగురిలో చెంప మీద కొట్టినట్టయింది. అందరూ ఏదో ఒకటి తెస్తున్నారు, నేనొక్కదాన్నే ఉత్త చేతులతో వచ్చి చప్పట్లు కొట్టి పోతున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ రాత్రే ఆ మూడు నిమిషాల నలభై సెకన్లు అతనికి పంపాను. "మా అమ్మ గొంతు" అని మాత్రం రాశాను. అన్న పేరు రాయలేదు. చావు అన్న మాట రాయలేదు. మరిచిపోయి కాదు. రాస్తే అతను పక్కన పెట్టేస్తాడేమోనని రాయలేదు.

"రోమాలు లేచినయ్ జ్యోతీ. ఏం గొంతు! వాడుకోవచ్చా?" అని జవాబు వచ్చింది.

"వాడుకోండి" అన్నాను. ఆ వారమంతా నేల మీద నడవలేదు నేను.

డిసెంబరులో వికారాబాద్‌లో ఒక మైదానంలో కళల పండుగ పెట్టారు. రిత్విక్ ముందు వరసకు మూడు పాసులు ఇచ్చి, "అమ్మకు ఏం చెప్పకు, అక్కడే చూస్తుంది" అన్నాడు. నేను ఇంట్లో పటేల్ మనవడి పాటల ప్రోగ్రాం అని మాత్రమే చెప్పాను. నాయన దగ్గుతూనే తెల్లచొక్కా తీయించాడు. షేర్ ఆటోలో తాండూరు, అక్కడి నుంచి రైలు. దారి పొడుగునా అమ్మ కిటికీ పక్కన పెళ్లికి పోతున్నట్టు కూర్చుంది.

ఆ సాయంత్రం మొదట ఎంత బాగుందో చెప్పకపోతే పాపం. మట్టిబొమ్మల దుకాణాలు చూశాం. మిర్చి బజ్జీలు తిన్నాం. దశరథ్ గజల్ పాడుతుంటే నాయన దగ్గు ఆపుకుని మరీ విన్నాడు. "మస్తుగున్నదే జ్యోతి. వారం వారం నువ్వు జూసేది గిదేనా? నన్నెందుకు తోలుకరాలేదే ఇన్నొద్దులు?" అని అమ్మ నా తొడ మీద ఒకటి వేసింది. ఆ క్షణంలో నాకంటే గర్వంగా ఆ మైదానంలో ఎవరూ లేరు.

ఎర్రమట్టి వాళ్లు ఎక్కారు. నాలుగు డప్పులు ఒక్కసారి మోగాయి. అమ్మ కాలు దానంతటదే ఆడింది. డప్పు వింటే ఆమె ఊరుకోలేదు. రిత్విక్ మైకు పట్టుకుని, "కొడుకు సద్ది తినకుండా వచ్చిండని అలిగిన తల్లి పాట" అన్నాడు. అతనికి అలా అర్థమైంది. జనం ఓ అన్నారు. అమ్మ కూడా నవ్వి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

"సద్ది డబ్బ ఇంటికొచ్చె!"

ఆ లైను మొదటిసారికి అమ్మ తాళం తప్పకుండా చప్పట్లు కొట్టింది. రెండోసారికీ కొట్టింది. "సగం బువ్వ" అన్న దగ్గర చేతులు ఒకదాని ముందు ఒకటి ఆగిపోయాయి, కలవలేదు. నేను ఆ చేతులే చూస్తున్నాను. వెనక నుంచి వందల మంది "సద్ది డబ్బ! సద్ది డబ్బ!" అని ఎగురుతున్నారు. పాట మధ్యలో డప్పులన్నీ ఒక్కసారి ఆగాయి, పెద్ద స్పీకర్లలోంచి మా అమ్మ గొంతే వచ్చింది. "కొడుకా!" అని, అన్న శవం ముందు పెట్టిన కేక. జనం ఈలలు వేశారు. మళ్లీ డప్పు.

నాయన అమ్మ మొహంలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకు అర్థమైపోయింది.

అయినా అయిపోలేదు. రిత్విక్ స్టేజి దిగి వచ్చి, వద్దు వద్దంటున్నా అమ్మ చెయ్యి పట్టి పైకి తీసుకుపోయాడు. శాలువా కప్పాడు, వంగి కాళ్లకు దండం పెట్టాడు. నర్సింహులు పటేల్ మనవడు మా అమ్మ కాళ్లకు దండం పెడుతుంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. "ఒక్క లైను పాడమ్మా, మీ గొంతుతో" అని మైకు నోటి దగ్గర పెట్టాడు. జనం "సద్ది డబ్బ, సద్ది డబ్బ" అని ఒకటే గోల.

అమ్మ ఊళ్లో ఆ ఈడు మొగపిల్లలందరినీ కొడుకా అనే పిలుస్తుంది. అతన్ని అలా పిలవలేదు.

"ఎవరు సచ్చిండ్రని పాడాలె పటేలా?"

మైకులో మైదానమంతా వినిపించింది. జోకు అనుకుని జనం నవ్వారు. రిత్విక్ నవ్వలేదు. నా వైపు చూశాడు. నేను ఆ చూపును తప్పించుకున్నాను.

తిరుగు రైలులో అమ్మ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "డప్పు మంచిగనే కొట్టిండ్రు" అన్నాడు నాయన. తాండూరు స్టేషన్‌లో దిగాక అమ్మ ఒక్కటే అడిగింది.

"ఎందుకిచ్చినవే?"

"నీ గొంతు అందరు ఇనాలని అమ్మా."

"గది నా గొంతు గాదు బిడ్డా. గది వాని సావు."

తర్వాత రిత్విక్ ఫోన్ చేసి ఏడ్చాడు. తెలియదన్నాడు, నిజంగా తెలియదన్నాడు. పాటను తన ఛానెల్‌లోంచి తీసేశాడు. ఏం లాభం? అప్పటికే అది వంద ఫోన్లలోకి పాకింది. పెద్దేముల్ షేర్ ఆటోలో అదే. బషీరాబాద్‌లో పెళ్లి ఊరేగింపులో అదే పెట్టుకుని పెళ్లికొడుకు ముందు ఎగిరారు. మా అన్న తినకుండా వదిలేసిన అన్నం మీద ఎగిరారు. నేను శనివారాలు మానేశాను. అమ్మ చావు ఇళ్లకు పోవడం మానేసింది. ఎవరైనా కబురు పంపితే గొంతు బాగలేదని చెప్పేది. నాయన కూడా బీడీల పాట సంగతి మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, అమ్మ బయటికి పోయినప్పుడు, నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు. "మీ అమ్మ నా కోసమన్న పాడ్తదంటవా?" పాడుతుంది నాయనా అన్నాను. ఇంకేం చెప్పను?

ఏప్రిల్‌లో నాయన పోయాడు. పొద్దున తొమ్మిదింటికల్లా వాకిలి నిండింది. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని అమ్మ వైపు చూస్తున్నారు. అమ్మ నాయన కాళ్ల దగ్గర కూర్చుంది. రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లు మూసుకుంది. తర్వాత ఒక్కొక్కరి చేతులు చూసింది. చివరికి నా చేతులు చూసింది. నేను రెండు చేతులూ చాపి చూపించాను.

"నా తాన ఫోన్ లేదమ్మా. పెట్టెల వెట్టి తాళం ఏసిన."

"ఫోన్‌ల లేదే. నా చెవులల్ల ఉన్నది. నోరు దెరిస్తె ఆ డప్పే ఇనవడుతున్నది, నేనేం జెయ్యాలె?"

పాస్టరయ్య ప్రార్థన అయిపోయింది. శవపెట్టె ఎత్తడానికి మొగవాళ్లు కండువాలు సర్దుకుంటున్నారు. ఆయన అడిగిన ఒక్క కోరిక నా కళ్ల ముందే పోతోంది. ఇంక ఆగలేకపోయాను. పోయి నాయన కాళ్లు పట్టుకుని నేనే శోకం ఎత్తుకున్నాను.

బీడీ కట్ట దిండు కిందున్నది నాయినా
అగ్గిపెట్టె ఆడనే ఉన్నది నాయినా

ఏడుపు వచ్చింది, మాటలూ వచ్చాయి. వస్తున్నాయి కదా అని గొంతు వదిలేశాను. ఎదురుగా కూర్చున్న పక్కింటి సుమిత్రమ్మ తల తాళానికి సన్నగా ఊగడం కనిపించింది. అప్పుడు నా గొంతు నాకు వినబడింది. స్టేజి మీది వరసే. నా కుడి అరచెయ్యి నా తొడ మీద ఆ డప్పు దెబ్బే వేస్తోంది. ఆపాలని చూశాను. ఇంకో వరస నాకు రాలేదు.

అమ్మ లేచి వచ్చి నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. నాయనకు స్నానం చేయించిన సబ్బు వాసన ఇంకా ఆ చేతికి ఉంది.

"ఊకో బిడ్డా. సాలు."

పెట్టె ఎత్తారు. పైలంగ పో అని ఎవరూ అనలేదు. ఆడవాళ్లు ఎప్పుడు లేవాలో తెలియక కొంతసేపు అలాగే కూర్చుని, ఒక్కొక్కరే లేచి పోయారు.

నాలుగు నెలలైంది. అమ్మ వంట చేస్తుంది, పనికి పోతుంది, నాతో మామూలుగానే మాట్లాడుతుంది. ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు మాత్రం, గడప దగ్గర ఒక పక్కకు తప్పుకుని దాటుతుంది.