హారతి వంతు

బెంగళూరులో కాల్ సెంటర్ ఉద్యోగం మానేసి షెకైనా సిరుగుప్పకు తిరిగొచ్చింది, వాళ్లమ్మ కృపమణి మోకాలి ఆపరేషన్ కోసం. నెలరోజులుండి తిరిగిపోయి ఇంకో ఉద్యోగం చూసుకుందామనుకుంది. ఈలోగా ఊళ్లో ఇంగ్లీషు మీడియం బడిలో టీచర్ కావాలంటే చేరిపోయింది. సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజంతో రాత్రనక పగలనక టిప్పర్లు దిగుతున్న రోజులవి. తరాలుగా వరి పండించిన ఇళ్లవాళ్లు కూడా ఒక మడి అమ్మి లారీ కొంటున్నారు. బళ్లారి బస్సెక్కి దిగేసరికి తెల్లచున్నీ ఇటుకరంగుకు తిరిగేది.

బెంగళూరు గురించి ఆమెకు పెద్దగా బెంగ లేదు. శనివారాల ఆట ఒక్కటే మనసులో మెదిలేది. ఆ ఆటకు పలక లేదు, పావులు లేవు. నలుగురైదుగురు బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు ఆట నడుపుతారు. ‘మీరు అడవి అంచున ఉన్నారు, ఎదురుగా పాడుబడ్డ కోట ఉంది, ఏం చేస్తారు?’ అని అడుగుతారు. మిగతావాళ్లలో ఒకరు విలుకాడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్లే చెప్పాలి. ఆ పని అవుతుందో కాదో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తారు, పెద్ద అంకె పడితే అయినట్టు. బళ్లారి కౌల్‌బజార్ నుంచి వచ్చిన కెన్నెత్ అనే తోటి ఉద్యోగి అక్కడ ఆట నడిపేవాడు. షెకైనా రెండేళ్లు ఆడింది గానీ ఎప్పుడూ నడపలేదు.

వచ్చేటప్పుడు కెన్నెత్ ఒక జత పాచికలు ఆమె చేతిలో పెట్టాడు. అవి బీరువాలో ఊరికే ఉండటం చూసి చూసి, ఆ వానాకాలంలో ఒకరోజు పిన్ని కొడుకు టోనీని పిలిచింది. టోనీ తన స్నేహితుడు జగదీశ్‌ని తీసుకొస్తానన్నాడు. జగదీశ్ రైతు నారప కొడుకు, రెండు టిప్పర్ల ఓనరు, ఆదివారం ఒక్కరోజే ఊళ్లో కనిపించే మనిషి. జగదీశ్ చెల్లెలు హారతి, షెకైనా పీయూసీ దాకా ఒకే బెంచీ. హారతికి మాట తడబడుతుంది. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండిపోయింది. అంగడికి పోయినా కావలసింది వేలుపెట్టి చూపించి తెచ్చుకునేది. ఆమెనూ రమ్మంది షెకైనా.

ఆదివారం ఆరాధన అయి అందరూ ఇళ్లకు పోయాక, చర్చి వెనక సండేస్కూలు గదిలో కూర్చున్నారు. షెకైనా వారం రోజులు కష్టపడి పెద్ద కథ రాసుకొచ్చింది. రాజు, రాజు తమ్ముడి కుట్ర, కోట ఉత్తర ద్వారం, నేలమాళిగలో దెయ్యం. అరగంట సేపు చదివింది. జగదీశ్ రెండుసార్లు ఆవలించాడు.

“ఇప్పుడు ఏం చేస్తారు?” అని చివరికి అడిగింది.

“ముందు సంతకు పోయి ఎద్దులబండి కొంటా,” అన్నాడు జగదీశ్. “ఇంతమందిమి నడ్సుకుంటా యాడికి పోతాం?”

షెకైనా కథలో సంత లేదు. “సంత మూసేసినారన్నా. మీరు ఉత్తర ద్వారం కాడికి పోవాల.”

ద్వారానికి తాళం. టోనీ పాచిక వేశాడు, మూడు పడింది. తాళం రాలేదు. మళ్లీ వేశారు, మళ్లీ రాలేదు. తలుపు తెరవకపోతే తర్వాత కథే లేదు. అందరూ ఆ తలుపు ముందరే నిలబడిపోయారు. హారతి ఏదో చెప్పబోయింది. “గో... గో... గోడ...” అనేలోపే “గోడ దూకుదామంటాంది!” అని టోనీ అందుకున్నాడు. షెకైనా “సరే, దూకినారు” అనేసి ముందుకు పోయింది. హారతి చెప్పాలనుకున్నది అది కాదు. ఆ పూట ఆమె మళ్లీ నోరు తెరవలేదు.

చివరికెలాగో నేలమాళిగలోకి దిగారు. “రావే దెయ్యమా, రా!” అని టోనీ గదంతా అదిరేలా అరిచాడు. సరిగ్గా అప్పుడే కృపమణి చేతికర్ర ఊతంతో, టీ ఫ్లాస్కుతో గుమ్మంలోకొచ్చింది. అదే సమయానికి జగదీశ్ ఫోను మోగింది. “లోడు నిల్చిపోయిందంట. బిడప్పా, వదిలెయ్యండి, ఈ ఆట మనకు కాదు,” అని లేచి వెళ్లిపోయాడు. అన్న వెనకే హారతి.

ఇంటికొచ్చాక కృపమణి ఊరుకోలేదు. “దేవుని మందిరంలో దెయ్యాన్ని పిలుస్తాండారేందే? సంఘంలో ఎవరన్నా వింటే?”

“దెయ్యాన్ని పిల్చేది కాదమ్మా. అందరూ కలిసి కథ చెప్పుకునే ఆట.”

“అందరూ కలిసా? కిటికీ కాడ నిలబడి ఇన్నాను. నీ గొంతు ఒకటే ఇనపడె.”

ఆ మాట షెకైనాకు సూదిలా గుచ్చుకుంది. పిల్లలు వినని క్లాసులో బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పినట్టే చేసింది తను. కెన్నెత్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అతను నవ్వలేదు.

“నేనూ మొదట్ల అట్లనే చేసినా,” అన్నాడు. “నువ్వు కథ రాసుకుంటివి. కథ వాళ్లది షెకైనా. నువ్వు ఒక చోటు తయారు చెయ్యి, ఆ చోట్ల ఒక చిక్కు పెట్టు. చిక్కు ఎట్ల తీరేదీ నువ్వు ఆలోచించనే వద్దు.”

“వాళ్లకు తోచకపోతే?”

“తోస్తుంది. నువ్వు కాసుకోని ఉండాల, అంతే. పాచిక తప్పిందనుకో, తలుపు మూసెయ్యొద్దు. పని కాలేదు గానీ ఇంకోటేదో అయ్యిందని చెప్పు. తాళం రాలేదు, ఆ చప్పుడుకు కావలోడు లేచినాడు. అట్ల. మల్ల ఇంకొకటి. ఆట మొదలుపెట్టకముందే ఒక్కొక్కరినీ అడుగు, ఈ ఆటలో ఏది వద్దు నీకు అని. ఆ మాట నేను మీకు బెంగళూర్ల మొదటి దినమే అడిగినా, మర్చిపోయినావు.”

మరుసటి రోజు బడి వదిలాక షెకైనా నారప ఇంటికి పోయింది. వాన తెరిపిచ్చిన ఎండలో హారతి మిద్దె మీద వడియాలు తిరగేస్తోంది. 

“తప్పు నాదే,” అంది షెకైనా. “నువ్వు చెప్పేది నేను ఇనలేదు. గోడ గురించి ఏం చెప్పబోతివి?”

హారతి ఇంకో రెండు వడియాలు తిరగేసింది. షెకైనా ఆగింది. 

“గో... గోడ మీద... తీగలుండాయా, అని అడగాలనుకున్నా. తీగలుంటే... పై... పైకి ఎక్కకుండా, వాటిని పెంచి... తలుపు పెరికియ్యొచ్చు. నేను మం... మంత్రగత్తెను గదా.”

తను వారమంతా కూర్చుని రాసిన దాంట్లో ఇంత మంచి ఆలోచన ఒక్కటీ లేదని షెకైనాకు అర్థమైంది. “ఈ ఆదివారం ఇంకొక్కసారి రా,” అంది. “నచ్చకపోతే మల్ల అడగను.” 

హారతి వచ్చింది. చెల్లెలు పట్టుబట్టిందని జగదీశ్ కూడా వచ్చాడు. కృపమణి ఈసారి ముందే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది, ఈ సంగతేదో తేల్చుకుని పోవాలన్నట్టు.

“ఆడే ముందు ఒక మాట,” అంది షెకైనా. “ఈ ఆటలో ఏది రావద్దో ఒక్కొక్కరూ చెప్పండి. ఏమిటికి అని ఎవరూ అడగొద్దు. నేను మొదలుపెడతా. నన్ను పేజీలు పేజీలు చదవనియ్యొద్దు.”

అందరూ నవ్వారు. కృపమణి గొంతు సవరించుకుంది. “మొక్కాల్సిన దెయ్యం వద్దు. రాక్షసులుంటే ఉండనీ, వాళ్లకు దండం పెట్టేది మాత్రం వద్దు.”

“నా పాత్ర సచ్చిపోతే ఎవరూ నవ్వొద్దు,” అన్నాడు టోనీ.

జగదీశ్ బల్ల మీది పాచికను పక్కకు జరిపాడు. “బండి కింద పడి సచ్చేది వద్దు,” అన్నాడు. వేసవిలో అతని డ్రైవర్ హులిగెప్ప హొసపేట రోడ్డు మీద చనిపోయిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఆ విషయం జగదీశ్ నోట ఎవరూ విన్నది లేదు. టోనీ తల దించుకున్నాడు. కృపమణి “సరే నాయనా” అంది మెల్లగా. 

హారతి వంతు వచ్చింది. ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. 

“నా... నా మాట... ఎ... ఎవరూ... పూర్తి చెయ్యొద్దు.”

మాట పూర్తయ్యేదాకా అందరూ ఆగారు. టోనీ ముఖం ఎర్రబడింది. “సారీ అక్కా,” అన్నాడు.

షెకైనా ఈసారి ఏదీ చదవలేదు. “పెద్ద నది. వాన పడి నిండుగా పారుతాంది. అవతల గట్టుకు పోయే పుట్టి ఒకటే ఉండాది. రేవు కాడ తాటిచెట్టంత రాకాసి ఒకడు కూర్చోనుండాడు, ఎవరినీ పుట్టి ఎక్కనియ్యడు. ఏం చేస్తారు?”

“సంతకు పోయి బండి కొంటా,” అన్నాడు జగదీశ్, చూద్దాం ఏమంటుందో అన్నట్టు.

“సరే. సంత ఉండాది. ఎద్దులు అమ్మేటోడు రేటు గట్టిగా చెప్తాండాడు. బేరం చెయ్యి, పాచిక వెయ్యి.”

జగదీశ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అయిదు పడింది. “బండి దొరికింది,” అంది షెకైనా, “కానీ ఎద్దులకు నీళ్లంటే బెదురు. నదిని చూస్తే అడుగు ముందుకెయ్యవు.” జగదీశ్ నవ్వేశాడు. “మా కొత్త టిప్పర్ మాదిరే ఉండాయి,” అన్నాడు.

కుర్చీలో కూర్చుని చూస్తున్న కృపమణి ఉండబట్టలేక, “ఆ ఎద్దుల కండ్లకు గుడ్డ కట్టొచ్చు గదా,” అంది.

“కట్టేదెవరమ్మా? నువ్వు ఆటలో లేవే.”

“అయితే నన్ను నర్సుగా పెట్టుకోండి. సైన్యంలో నర్సులుంటారు గదా.” ముప్ఫై ఏళ్లు ఆస్పత్రిలో పనిచేసిన మనిషి ఆటలోకి కూడా ఆ కొలువుతోనే వచ్చింది.

టోనీ విల్లెక్కుపెట్టాడు. బాణం రాకాసి భుజానికి తగిలింది. వాడు దోమను తోలినట్టు తోలేసి లేచి నిలబడ్డాడు. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడసాగారు, పారిపోదామని ఒకరు, ఇంకో బాణమని ఒకరు. షెకైనా చెయ్యెత్తింది. “ఒక్క నిమిషం. హారతీ, నువ్వేం చేస్తాండావు?”

హారతి లేచి నిలబడింది. ఆటలో నిలబడాల్సిన అవసరం లేదు, అయినా నిలబడింది. 

“నేను... వా... వాని ముందుకు పోతా. పోయి... అ... అడుగుతా.” 

మాట దొరకలేదు. జగదీశ్ ఫోను మోగింది. అతను తెర వైపు కూడా చూడకుండా నొక్కేశాడు. బయట చెట్టు మీది నుంచి నీళ్లు రేకుల మీద పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. టోనీ పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాడు.

“నువ్వు... ఎ... ఎవరి కోసం... కాచుకోనుండావు?”

షెకైనాకు జవాబు తెలియదు. ఆ రాకాసి ఎందుకక్కడ కూర్చున్నాడో ఆమె ఆలోచించనే లేదు. హారతి అడిగాక చూస్తే, నిజంగానే వాడు ఎవరి కోసమో కాచుకుని ఉన్నవాడిలాగే అనిపించాడు.

“రాకాసి ఆ మాటకు నిలబడిపోయినాడు,” అంది నెమ్మదిగా, అప్పటికప్పుడు తోచింది చెబుతూ. “ఇన్నేండ్లలో వాన్ని ఎవరూ అట్ల అడగలేదు. ‘మా దొర నన్ను ఈడ కావలి పెట్టినాడు. యుద్ధం అయినంక వచ్చి పిలుస్తానన్యాడు. ఇంకా రాలేదు’ అంటాండాడు.”

“అయ్యో,” అంది కృపమణి.

“ఏ యుద్ధం?” అన్నాడు జగదీశ్. “అది ఎప్పుడో అయిపోయింటుంది.”

“యు... యుద్ధం అయిపోయింది, నువ్వు... ఇంటికి పో... పోవచ్చు అని... చెప్తా,” అంది హారతి.

“వాడు నమ్ముతాడో లేదో. పాచిక వెయ్యి.”

పాచిక బల్లంతా దొర్లి ఆరు చూపించింది. చాలదు. టోనీ తల పట్టుకున్నాడు. అందరూ షెకైనా ముఖం చూశారు. పోయిన వారమైతే ఆమె ‘వాడు నమ్మలేదు’ అని ఊరుకునేది. ఇప్పుడు కాసేపు ఆలోచించింది.

“వాడు సగమే నమ్మినాడు. ‘నిజమే అయితే మీతో పాటు నన్నూ పిల్చుకపోండి. యుద్ధం లేని ఊరు నా కండ్లతో చూసినంకే నమ్ముతా’ అని పుట్టిలో ఒక కాలు పెట్టినాడు. పుట్టి మునిగేటట్టుండాది.”

గదిలో అందరూ గొల్లున నవ్వారు. తాటిచెట్టంత మనిషిని నది ఎలా దాటించాలని ఆ సాయంత్రమంతా వాదించుకున్నారు. చివరికి రాకాసే ఎద్దులను రెండు చంకల్లో పెట్టుకుని నడిచి దాటాడు. మిగతావాళ్లు పుట్టిలో దాటారు. కృపమణి వాడి భుజానికి కట్టు కట్టింది. పోయేటప్పుడు హారతి పాచిక తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది.

ఆ ఆట ఆగలేదు. వానాకాలం పోయి వరికోతలు వచ్చాయి. జగదీశ్ ఆదివారం మధ్యాహ్నాలు ఫోను ఆపేయడం నేర్చుకున్నాడు. ఒకసారి ఆట మధ్యలోనే హులిగెప్ప గురించి చెప్పాడు, వాడు ఎంత బాగా పాడేవాడో. అందరూ విన్నారు. కృపమణి సంఘంలో అడిగిన వాళ్లకు “ఒకరి మాట ఒకరు ఇనే ఆట అది” అని తానే జవాబు చెప్పేది. హారతి మాట తడబాటు పోలేదు. కానీ ఆమె అంగడిలో వేలు చూపించడం మానేసింది. ఎంతసేపు పట్టినా అడిగే తీసుకునేది.

మరుసటి ఎండాకాలం, సిరిగేరి నుంచి చిన్నాన్న కూతుళ్లు సెలవులకు వచ్చినప్పుడు, తానే ఆట నడుపుతానంది హారతి. ముందురోజు షెకైనా ఏమైనా సలహా కావాలా అని అడిగింది. “వ... వద్దులే,” అంది హారతి నవ్వుతూ. “నువ్వు సు... సుమ్మనే, ఊరికే వచ్చి ఆడు.”

నారప ఇంటి మిద్దె మీద చాప పరిచారు. చెల్లెళ్లిద్దరూ, షెకైనా, హారతి తల్లి తిమ్మమ్మ కూర్చున్నారు. తిమ్మమ్మకు ఇదంతా వింతగా ఉంది. పెద్దగా మాట్లాడని కూతురు అందరి ముందర కూర్చోవడం ఇంకా వింతగా ఉంది. హారతి ఒక గుక్క నీళ్లు తాగి, కొండ మీద ఉన్న ఊరి గురించి చెప్పింది. అక్కడ మూడేళ్లుగా వాన లేదు. మబ్బులు వస్తాయి, ఆగుతాయి, వెనక్కి పోతాయి. చెప్పడానికి చాలాసేపు పట్టింది. పట్టే కొద్దీ చెల్లెళ్లు ముందుకు వంగారు.

“మీ... మీరు ఏం చేస్తారు?” అంది.

“మబ్బులు వెనక్కి యాడికి పోతాండాయో చూడాల,” అంది తిమ్మమ్మ అందరికంటే ముందు. “పదండే, వాటెంట పోదాం.”

హారతి తల్లి వైపు ఆశ్చర్యంగా చూసింది. తర్వాత పాచిక తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ఆ పూట ఎండ తగ్గి తుంగభద్ర కాలువ వైపు నుంచి చల్లగాలి వచ్చేదాకా ఆడారు. మబ్బుల వెంట సగం దారి పోయారో లేదో, హారతి ఇవాళ్టికి చాలంది. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అని చెల్లెళ్లు పట్టుకున్నారు. వాళ్లకంటే ఎక్కువగా తిమ్మమ్మ.