పసుపు లేని వైపు

నేను ఒక గడపను. ఇప్పుడు చూస్తే మీరు నమ్మరు. ఒళ్లంతా సున్నం, సిమెంటు పట్టి, ఒక కొన చెదలు తిని, ఏదో మొద్దులా కనిపిస్తాను. కానీ విజయనగరంలో ఒక ప్లీడరుగారి ఇంటి వీధి గుమ్మం కింద ఎన్నో ఏళ్లు ఉన్నాను. మంచి మద్ది చెక్కను. నన్ను నిలిపిన రోజున కింద నవధాన్యాలు పోసి, పైన పసుపు రాసి, నాకు హారతి ఇచ్చారు.

ఆ ఇంట్లో కదలనిది నేనొక్కదాన్నే. మిగతా అందరూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవారు. "మళ్లీ మీ గడప తొక్కితే ఒట్టు" అని అరిచి వెళ్లిన ప్లీడరుగారి బావమరిది, మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చి, నన్ను తొక్కకుండా జాగ్రత్తగా దాటి లోపలికి నడిచాడు. ఒట్టు నిలబడింది, భోజనమూ దక్కింది. మనుషుల మాటలు వినీ వినీ నాకు నవ్వు కూడా అలవాటైపోయింది.

ప్రతి శుక్రవారం ఆ ఇంటి కోడలు నన్ను కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఆ పసుపు నా పగుళ్లలోకి దిగిపోయింది. చివరికి ఆ కోడలే ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లకి ఇచ్చింది. తలుపుల ఇత్తడి గుబ్బలు ఊడదీయించుకుని వెళ్లింది. నావైపు చూడలేదు. తప్పు పట్టను. గడపను ఎవరూ చూడరు, కాలికి తగలకుండా దాటుతారంతే.

తలుపులూ కిటికీలూ పాత కలప కొనేవాళ్లు తీసుకుపోయారు. చెదలు చూసి నన్ను వద్దన్నారు. గోడలు కూల్చిన గుట్ట మీద పడి ఉన్నాను. మొదటిసారి ఆకాశం మొత్తం కనిపించింది. నాకు నచ్చలేదు.

"ఊరికే పట్టుకుపోండమ్మా, నాకు లారీలో బరువు తగ్గుద్ది" అన్నాడు మేస్త్రీ. ఆ మాట కోసమే పొద్దుటి నుంచీ రోడ్డు పక్కన కాచుకున్న ఆడవాళ్లు గుట్ట మీదికి ఎగబాకారు. నా ఒక కొస పైడమ్మ పట్టుకుంది, రెండో కొస ఆవిడ పక్కింటి అప్పలకొండ.

"ఒగ్గేయే. నా గుంట బాలింత. నీళ్లు కాయడానికి పొడికర్ర నేదు" అంది పైడమ్మ.

"కర్రలకాడికి వొచ్చేసరికి అందరిళ్లలోనూ బాలింతలే!" అంది అప్పలకొండ. అంటూనే వదిలేసింది. పైగా నన్ను పైడమ్మ నెత్తికెత్తింది కూడా.

అబద్ధం కాదు. పైడమ్మ కూతురు గౌరి పురుటికి వచ్చి ఉంది. ముసురు పట్టి వదలడం లేదు. ఏరుకొచ్చిన కొమ్మలు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. గ్యాసు వంటకే చాలదు, కాగు నీళ్లు ఎక్కడ పెడతారు? పసిదానికి జలుబు. గౌరికి ఒళ్లు నొప్పులు. వేన్నీళ్లు పడితేగానీ ఆ పిల్ల లేచి కూర్చోలేకపోతోంది.

పైడమ్మ నన్ను చూరు కింద పడేసి గొడ్డలి ఎత్తింది. మొదటి దెబ్బకి సిమెంటు పెచ్చు ఊడింది. దాని కింద పసుపు మెరిసింది. గొడ్డలి గాలిలోనే ఆగిపోయింది.

"ఓలమ్మో, ఇది గడపే! ఏ మాలచ్చిమి పసుపు రాసిందో."

"ఆ మాలచ్చిమి పారేసి పోయింది కదమ్మా" అంది లోపల్నుంచి గౌరి, పిల్లని ఒళ్లో వేసుకుని. "పొయ్యిలో పెట్టు. చలేస్తంది."

"నోరు ముయ్యి. పసిపిల్ల ఉన్న ఇల్లు."

పైడమ్మ నా చుట్టూ తిరిగింది. కూర్చుంది, లేచింది. కాగు వైపు చూసింది, కూతురి వైపు చూసింది. తర్వాత నన్ను బోర్లించి, చేత్తో నా అడుగు తడిమింది.

"ఇటు పసుపు నేదు. ఇన్నాళ్లూ మట్టిలోనే ఉంది. ఇది గడప కాదు, కర్రే."

ప్లీడరుగారు బతికుంటే ఆ వాదన విని ముచ్చటపడేవారు. పైడమ్మ నా అడుగు భాగాన్ని పెచ్చులు పెచ్చులుగా చీల్చింది. అవి చిటపటలాడుతూ అంటుకున్నాయి. కాగు మసిలింది. గౌరి వీపు మీద నీళ్లు పడగానే "అబ్బా, పేణం లేసొచ్చిందే" అంది. పిల్ల తుమ్మి, నిద్రపోయింది. కాలింది నేను. చూస్తున్నదీ నేనే. ఎందులో ఎక్కువ ఉన్నానో తేల్చుకోలేక ఆ పూటంతా సతమతమయ్యాను.

వాన ఆగలేదు. మర్నాడు మరికొంచెం చెక్కింది. ఆ మర్నాడు ఇంకొంచెం.

"రేపు నడుం కూడా అడుగేనంటావు" అని నవ్వింది అప్పలకొండ.

పైడమ్మ నవ్వలేదు. నేను పలకంత పలచబడ్డాను. ఇక గొడ్డలి దిగితే పసుపే. ఈ ఉదయం ఆవిడ డబ్బాలోంచి పసుపు తీసి, తడిపి, నా మొహం నిండా మళ్లీ రాసింది.

"ఏటే ఇప్పుడు పూజ?" అంది అప్పలకొండ.

"నా సెయ్యి మీద నాకే నమ్మకం నేదప్పా" అని గోనెపట్టా నెత్తిన వేసుకుని, ఇంకెక్కడైనా ఇల్లు కూలుస్తున్నారేమో చూడడానికి వానలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటింది. ఇంకా రాలేదు. గాలి తిరిగి చూరునీళ్లు నా మీద పడుతున్నాయి. కొత్త పసుపు ఒక పక్కన కరిగి మట్టిలోకి జారుతోంది. లోపల పిల్ల ఏడుస్తోంది. కాగు చల్లగా ఉంది.

కాసేపటికి గౌరి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసింది, వీధి చివర వైపు చూసింది. వంగి, మూలుగుతూ, రెండు చేతులా నన్ను లోపలికి లాగింది. ఆ ఇంట్లో తడి లేని చోటు ఒక్కటే, పొయ్యి పక్కన. అక్కడ గోడకి ఆనించి, చీరచెంగుతో నా మొహం తుడిచింది.

నేను తడవకుండా దాచిందో, ఆరబెడుతోందో తెలియడం లేదు. గౌరికి కూడా ఇంకా తెలిసినట్టు లేదు.