పదో ప్రయత్నం

రాంగెల్ గడ్డం గీసుకునే బ్రష్షుతో పెట్టెలోని ఫ్యానుకు పట్టిన దుమ్ము దులుపుతున్నాడు. పెట్టె ఒక రొట్టె అంత ఉంటుంది. రూసే పట్నంలో రేవు వెనకున్న ఆ వాడలో నలభై ఆరిళ్ళకు నలభై ఆరు పెట్టెలున్నాయి. ఎవరి ఈమెయిలు వాళ్ళింటి పెట్టెలోనే ఉంటుంది. తాళం పడిన నకళ్ళు ఇంకో రెండిళ్ళలో ఉంటాయి కనక, ఒక పెట్టె చెడినా ఉత్తరాలు పోవు. దాచిపెట్టిన పొరుగువాడు వాటిని చదవలేడు. అంతా కట్టిన రాంగెల్ కూడా చదవలేడు.

"అందరి గుట్లూ నీ చేతిలోనే ఉన్నాయి కదయ్యా," అన్నాడు ఆ ఇంటాయన దోంచో, కాఫీ అందిస్తూ. "పైనింటావిడ ఎవరికి రాస్తోందో కాస్త చెబుదూ, పుణ్యముంటుంది."

"నా చేతిలో ఉన్నది బ్రష్షు. గడ్డం గీయమంటావా?"

దోంచో పగలబడి నవ్వాడు. ఈ వేళాకోళం నెలకోసారి ఉండేదే.

రాంగెల్‌కు అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి, కళ్ళజోడు లేకపోతే అక్షరం ఆనదు. నలభై ఏళ్ళుగా పనిముట్ల సంచి మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగిపోయింది. ఈ మధ్య మెట్లెక్కితే గుండె పట్టేస్తోంది. రేపు డాక్టరు దగ్గరికి వెళదామని నెల్లాళ్ళుగా అనుకుంటున్నాడు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే ఇంకో పెట్టె గురించి మాట్లాడతాడు.

వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాడు. ఫలానా నంబరు తీగ పక్కగదికి కలపమంటే కలిపేవాడు. అక్కడ కూర్చుని వింటున్నదెవరో అడిగేవాడు కాదు. ఒకసారి ఒక టీచరమ్మ చెల్లెలితో మాట్లాడుతూ సర్కారు పెద్దల మీద ఏదో జోకు వేసింది. వారం తిరక్కుండా ఆమె ఉద్యోగం పోయింది. తర్వాత ఆమె బజార్లో మిరపకాయలు ఏరుకుంటూ కనబడితే పలకరించే మొహం లేక పక్కసందులోకి తప్పుకున్నాడు. పాపం, ఇన్ని పెట్టెలు బిగించినా ఆ సందులోంచి పూర్తిగా బయటికి రాలేదేమో.

మధ్యాహ్నం త్సోంకా ఇంటికి వెళ్ళాడు. నాలుగో అంతస్తు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆమె భర్త మెతోది పోయి రేపటికి నలభై రోజులు. ఆ రోజు పంచే ప్రసాదానికి గోధుమలు ఉడుకుతున్నాయి. ఆస్పత్రికి వెళ్ళేముందు మెతోది తన పెట్టెలో ఆమెకొక ఉత్తరం రాసిపెట్టి, తాళం మాట కాగితం మీద రాసిచ్చాడు: 'తెల్ల ఓడ ఏడింటికి'. ఆ మాట కొడితే పెట్టె తెరుచుకోవడం లేదు.

"ఎన్నిసార్లు కొట్టావక్కా?"

"తొమ్మిది."

రాంగెల్ కుర్చీలో కూలబడ్డాడు. పదోసారి తప్పితే పెట్టె ఉత్తరాలన్నీ తుడిచేస్తుంది, పొరుగిళ్ళ నకళ్ళతో సహా. ఆ నియమం పెట్టింది తనే.

"నీ దగ్గర మారుతాళం ఉండే ఉంటుంది తమ్ముడూ. నాకు చెప్పు, ఎవరితోనూ అనను."

"లేదక్కా. ఉండకూడదనే ఇలా కట్టాను."

"నీ తెలివి తగలెయ్య! నా మొగుడి ఆఖరి మాట నాకు లేకుండా చేస్తావా?"

రాంగెల్‌కు కోపం రాలేదు, సిగ్గేసింది. కాగితం చూశాడు. కీబోర్డు చూశాడు. మెతోది రైల్వే ఆఫీసులో పాతికేళ్ళు టైపు కొట్టినవాడు.

"బావ ఈ కీబోర్డు చూసి కొట్టేవాడా?"

"ఆయనా? వేళ్ళు ఇక్కడ, చూపు కిటికీలో. ఉత్తరం రాసేటప్పుడు మాత్రం తెర మీద తప్పులు పడుతున్నాయని దీన్ని తిట్టుకుంటూ ఒక్కో అక్షరం వెతుక్కున్నాడు."

రాంగెల్‌కు విషయం తట్టింది. పాత టైపు మిషను మీద అక్షరాల వరస వేరు, ఈ కీబోర్డు మీద వేరు. తాళం మాట కొట్టేటప్పుడు తెర మీద అక్షరాల బదులు చుక్కలే పడతాయి. తప్పు కనబడదు. మెతోది వేళ్ళు అలవాటుగా పాత చోట్లకే వెళ్ళి ఉంటాయి.

"నువ్వూ ఆ ఆఫీసులోనే పాత మిషను మీద కొట్టేదానివి కదక్కా. దీని మొహం చూడకు. ఆఫీసరు చెబుతున్నాడు, నువ్వు కొడుతున్నావు అనుకో, అంతే."

"మిషను ముట్టి ముప్పయ్యేళ్ళయింది. తప్పితే?"

"తప్పితే నన్ను తిట్టు. పడతాను."

ఆ దేశపు అలవాటున, ఆమె సరేనన్నట్టు తల అడ్డంగా ఊపింది. చేతులు తుడుచుకుని కళ్ళు మూసుకుంది. వంకర్లు తిరిగిన వేళ్ళు కాసేపు గాలిలో తడబడ్డాయి, తర్వాత ఒక్క వరసన దిగాయి.

"నొక్కనా?"

"ఆగక్కా." రాంగెల్ బల్ల దగ్గర ఒక్క క్షణం నిలబడి, తడుముకుంటూ గుమ్మం దాటి తలుపు దగ్గరికి లాగాడు. "ఇప్పుడు నొక్కు," అన్నాడు బయటినుంచి.

మీట టక్కుమంది. తర్వాత లోపల్నుంచి "ఓరి ముసలాడా!" అని త్సోంకా నవ్వూ ఏడుపూ కలిసి వినిపించాయి. రాంగెల్ మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకుంది. గోధుమలు అడుగంటాయి. మాడనివి గిన్నెలో తీసి, పంచదార చల్లి, పట్టుకుని బయటికి వచ్చింది.

"తమ్ముడూ, ఆయన ఏం రాశాడో చెప్పనా? నువ్వు వింటే తప్పులేదు, నేనే చెబుతున్నా."

రాంగెల్ తలుపుకు వీపుపెట్టి, గోడకు తల ఆనించి ఉన్నాడు. ఆమె భుజం తట్టింది. గిన్నె కింద పెట్టి మళ్ళీ తట్టింది. చెయ్యి పట్టుకుని నాడి చూసింది, అందలేదు. ఆ చెయ్యి వదలకుండా చాలాసేపు అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

అంబులెన్సుకు ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్ళింది. ఉత్తరం ఇంకా తెర మీదే ఉంది. కీబోర్డు పక్కన రాంగెల్ కళ్ళజోడు మడిచి పెట్టి ఉంది, అద్దాలు గోడవైపుకు తిప్పి.